పాత ఇంటికి సాయం ఏదీ?

ఇంటికి ప్రభుత్వ సాయం అనగానే మన కళ్ళముందు మెదిలేది కొత్త ఇల్లే. చేతికందిన పట్టా, ముగ్గు పోసిన స్థలం, బేస్‌మెంటు పక్కన నిలబడి దిగిన ఫొటో, స్లాబు పడ్డాక ఖాతాలో జమయ్యే బిల్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. కేంద్రంలో ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో ఒక ఉపాధి పథకంలో భాగంగా పుట్టి, 1996లో విడి పథకమై, 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజనగా మారింది. ఇప్పుడు తెలంగాణలో సొంత జాగా ఉన్న పేద కుటుంబానికి ఇందిరమ్మ ఇళ్ళ పథకం కింద 5 లక్షల రూపాయలు ఇస్తున్నారు. పేర్లు మారాయి, మొత్తాలు మారాయి, గోడల మీద రంగులు మారాయి. ఇల్లు లేనివారికి ఇల్లు కట్టివ్వడమన్న ఆలోచన మాత్రం అలాగే ఉంది. మంచిదే, కాదనేవారెవరు? కానీ ఇల్లు ఉండి కూడా వానొస్తే గదికో గిన్నె పెట్టుకునేవారి మాటేమిటి? కొడుక్కి పెళ్ళయితే వరండాకు పట్టా కట్టి గది అనిపించుకునేవారి మాటేమిటి? స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తుంటే, మంచం కాస్త పక్కకు జరుపుకొని పడుకునేవారి మాటేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే మన పథకాల తీరు ఒకటి బయటపడుతుంది. సాయం మూడు సందర్భాల్లో వస్తోంది. ఇల్లు అసలు లేనప్పుడు, ఉన్న ఇల్లు కూలిపోయినప్పుడు, లేదా యజమాని తన చేతి డబ్బు ముందుగా ఖర్చు పెట్టేసిన తర్వాత. ఇల్లు పాడవుతున్న రోజుల్లో, ఇంకా బాగుచేసుకునే వీలున్న రోజుల్లో, డబ్బు లేనివాడికి మాత్రం రావడం లేదు. ఎంత ఇస్తున్నారన్న చర్చ మనకు చాలానే జరుగుతుంది. ఎప్పుడు ఇస్తున్నారన్నది అంతకన్నా పెద్ద సంగతి అన్నదే నా వాదన.

ముందు అవసరం ఎక్కడుందో చూద్దాం. పన్నెండో పంచవర్ష ప్రణాళిక కోసం ప్రొఫెసర్ అమితాబ్ కుండూ అధ్యక్షతన కేంద్రం వేసిన సాంకేతిక బృందం 2012 నాటికి దేశంలోని పట్టణాల్లో ఇళ్ళ కొరత 1 కోటి 87 లక్షల 80 వేలని తేల్చింది. ఈ అంకె వినగానే అన్ని కుటుంబాలు ఫుట్‌పాత్‌ల మీద పడుకుంటున్నాయనుకుంటాం. లెక్క విప్పి చూస్తే సంగతి వేరు. అందులో నిలువ నీడ లేనివారి వాటా 5 లక్షల 30 వేలు. నివాసానికి పనికిరాని కచ్చా ఇళ్ళు 9 లక్షల 90 వేలు. కాలం చెల్లిన పాత ఇళ్ళు 22 లక్షల 70 వేలు. మిగిలిన దాదాపు కోటీ 50 లక్షలు ఇరుకు ఇళ్ళ లెక్క. అంటే ఇల్లుంది, కానీ అందులో పెళ్ళయిన జంటకు విడిగా ఒక గది లేదు. మొత్తం కొరతలో ఇదే 80 శాతం. ఈ 80 శాతానికి కావలసింది ఊరి చివర లేఅవుట్‌లో మరో ఇల్లు కాదు, ఉన్న ఇంటికి మరో గది. 2011 జనగణన కూడా దేశంలో మనుషులున్న ఇళ్ళను మూడు రకాలుగా చెప్పింది. బాగున్నవి 53 శాతం, ఏదో ఉండడానికి పనికొచ్చేవి 41 శాతం పైన, శిథిలమైనవి 5 శాతం పైచిలుకు. మన చూపంతా ఆ చివరి 5 శాతం మీదే. మధ్యలో ఉన్న 41 శాతం పట్టించుకుంటే మొదటి వరుసలోకి, వదిలేస్తే చివరి వరుసలోకి వెళ్తుంది. అప్పటి నుంచి మళ్ళీ జనగణన జరగలేదు కనుక అంకెలు పాతవే. అయినా ఇళ్ళు వాటంతటవి బాగుపడవు కదా, ఆ మధ్య వరుసలోని ఇళ్ళకు ఈపాటికి మరో పదిహేను వర్షాకాలాలు మీదపడ్డాయి.

ప్రభుత్వానికి ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదని అనలేం. ఇందిరా ఆవాస్ యోజనలోనే ఒకప్పుడు నిధుల్లో 20 శాతాన్ని కచ్చా ఇళ్ళ మెరుగుదలకు పక్కన పెట్టారు. ఇంటికి ఇచ్చింది కొద్దిపాటి మొత్తమే, మొదట్లో 10 వేలు, చివరి రోజుల్లో 15 వేలు. పాక తీసి పెంకో రేకో వేసుకోవడానికి, మట్టి గోడకు కింద నాలుగు వరుసల రాయి కట్టుకోవడానికి పనికొచ్చేది. 2016లో పథకం కొత్త రూపం దాల్చినప్పుడు ఆ భాగం పోయింది. ఇప్పుడు మైదాన ప్రాంతంలో 1 లక్షా 20 వేలు, కొండ ప్రాంతంలో 1 లక్షా 30 వేలు, కనీసం 25 చదరపు మీటర్ల కొత్త ఇల్లు, అంతే. పక్కా ఇల్లున్నవారు, రెండు గదులకు మించి ఉన్నవారు జాబితాలోంచి మొదట్లోనే తొలగిపోతారు. ఇదివరకు ప్రభుత్వ ఇల్లు తీసుకున్నవారికి మళ్ళీ ఇవ్వకూడదన్నది మన పథకాలన్నింటిలోనూ మామూలు షరతు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆలోచించండి. 1980ల్లో ప్రభుత్వమే కట్టించిన పక్కా ఇల్లు, ఇవాళ ఎంత పాడైనా, కాగితం మీద పక్కా ఇల్లే. అందులో ఉన్నవారు లబ్ధి పొందినవారే. పట్టణాల పథకం కొంత నయం. 2015లో మొదలైన పట్టణ ఆవాస్ యోజనలో లబ్ధిదారు తానే కట్టుకునే విభాగంలో ఉన్న ఇంటిని పెంచుకోవడానికి కూడా లక్షన్నర వరకు కేంద్ర సాయం పెట్టారు. అయితే కనీసం 9 చదరపు మీటర్లు, అంటే సుమారు వంద చదరపు అడుగులు కొత్తగా కలపాలన్నారు. కారుతున్న స్లాబు ఆపుకోవడం ఆ లెక్కలోకి రాలేదు. గది కలిపితే సాయం, ఉన్న గది నిలబెట్టుకుంటే లేదు.

ఇక ఇల్లు కూలినప్పటి సంగతి. ప్రకృతి విపత్తుల్లో నష్టపోయినవారికి ఇచ్చే సాయానికి కేంద్రం నిబంధనలు పెట్టింది. 2022 నుంచి 2026 వరకు వర్తించేలా ఇచ్చిన నిబంధనల ప్రకారం, మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా దెబ్బతింటే 1 లక్షా 20 వేలు. పక్కా ఇల్లు పాక్షికంగా, అంటే కనీసం 15 శాతం దెబ్బతింటే 6,500. కచ్చా ఇల్లయితే 4,000. గుడిసెకు 8,000. తీరప్రాంతంలో ఉన్న మనకు ఈ అంకెలు కొత్తవి కావు. హుద్‌హుద్ వచ్చిన 2014లోనైనా, తర్వాతి తుపానుల్లోనైనా ఇలాంటి పట్టికే. సమస్య ఆ మొత్తాల్లో కన్నా వాటి మధ్య ఉన్న తేడాలో ఉంది. సగం గోడ కూలిన ఇంటికి 6,500 వస్తుంది. ఆ డబ్బుకు ఇటుక, సిమెంటు, మేస్త్రీ కూలి కలిపి ఒక గోడ కూడా లేవదు. గోడ లేవకపోతే వచ్చే ఏడు తుపానుకు మిగతాది కూడా పడుతుంది, అప్పుడు లక్షా ఇరవై వేలు ఇవ్వాలి. ఖజానా వైపు నుంచి చూసినా ఇది తెలివైన పద్ధతి కాదు. పైగా తుపానుకో వరదకో దెబ్బతిన్న ఇల్లయితేనే ఈ పట్టికలోకి వస్తుంది. పదేళ్ళుగా నెమ్మదిగా చెమ్మెక్కి, ఏ గాలీ లేని రోజున పడిపోయిన గోడకు ఏ పద్దూ లేదు.

మూడో రకం, ముందు నువ్వు పెట్టు తర్వాత మేమిస్తాం అనేది. స్వచ్ఛ భారత్ మరుగుదొడ్డి అందరికీ తెలిసినదే. 2014లో ఇంటికి 12 వేలు ప్రోత్సాహకం అన్నారు. 2020లో మొదలైన రెండో దశలోనూ అదే 12 వేలు. ఈ మధ్యలో సిమెంటు ధర, ఇసుక ధర, మేస్త్రీ రోజు కూలి ఎక్కడికి పోయాయో వేరే చెప్పక్కర్లేదు. దేశం మొత్తం మీద పది కోట్లకు పైగా మరుగుదొడ్లు కట్టారు, అది చిన్న పని కాదు. కానీ చాలాచోట్ల కట్టి, ఫొటో తీసి, అప్‌లోడ్ చేసిన తర్వాతే డబ్బు వచ్చింది. ముందు పెట్టుబడికి అప్పు తెచ్చినవారు వడ్డీ సొంతంగా భరించారు. పైగా ఈ సాయం ఇంటికి ఒక్కసారే. అంతకు ముందటి పథకాల మీద 2015లో వచ్చిన కాగ్ నివేదిక, తాము చూసిన ఇంటి మరుగుదొడ్లలో 30 శాతానికి పైగా పనిచేయడం లేదని చెప్పింది. నాసిరకం నిర్మాణం, సగంలో ఆగిన పని, నిర్వహణ లేకపోవడం కారణాలు. కట్టిన సౌకర్యం చెడిపోతే బాగుచేసే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న అప్పుడే లేచింది. రెండో దశలో దానికి దొరికిన జవాబు, ఆ ఇంటివారే చూసుకోవాలని.

ఇంటి మెరుగుదలకు ఇవాళ దేశంలో అన్నిటికన్నా పెద్ద సాయం పీఎం సూర్యఘర్ పథకం. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం 75,021 కోట్ల వ్యయంతో ఆమోదించింది. లక్ష్యం కోటి ఇళ్ళు. ఇంటి పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టుకుంటే మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18 వేలు, మొత్తం మీద 78 వేలకు మించకుండా రాయితీ. 3 కిలోవాట్ల ఏర్పాటు నెలకు సగటున 300 యూనిట్లకు పైగా ఇస్తుంది. హామీ అడగకుండా ఏడు శాతం దరిదాపుల్లో బ్యాంకు రుణం కూడా ఉంది. పథకం బాగా ఆలోచించి చేసినదే. దరఖాస్తు ఒకే వెబ్‌సైట్‌లో, రాయితీ నేరుగా ఖాతాలోకి, మధ్యలో ఎవరి చేతులూ తడపనక్కర్లేదు. అయినా ఎవరికి చేరుతుందో చూడండి. ఇల్లు సొంతదై ఉండాలి. పైకప్పు మీద నీడ పడని చోటు, కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగులు ఉండాలి. మీటరు దరఖాస్తుదారు పేరున ఉండాలి. మొత్తం ఖర్చు ముందుగా సొంతంగానో అప్పుగానో పెట్టాలి. పలకలు బిగించి, డిస్కం వారు తనిఖీ చేసి, నెట్ మీటరు పెట్టి, కరెంటు మొదలైన తర్వాత రాయితీ వస్తుంది. ఇక కరెంటు బిల్లు పెద్దదైతేనే ఈ పెట్టుబడికి ఫలితం. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్ళకు 2024 మార్చి నుంచి సున్నా బిల్లు వస్తోంది. సున్నా బిల్లు తగ్గించుకోవడానికి ఎవరూ లక్ష రూపాయలు పెట్టరు కదా. ఫలితంగా రాయితీ ఏసీలున్న డాబాల వైపు నడుస్తుంది. అది విద్యుత్ విధానంగా తప్పు కాదు, దేశానికి సౌర విద్యుత్తు కావాలి. ఇంటి సాయంగా మాత్రం దాన్ని లెక్కేసుకోకూడదు. ఇంకో చిన్న మాట. పలకల ఆయుష్షు పాతికేళ్ళంటారు. చువ్వలు తుప్పుపట్టిన స్లాబు మీద వాటిని బిగిస్తే ముందుగా పోయేది పలకలు కావు.

అయితే ఈ పథకంలోనే ఒక తలుపు తెరుచుకుంది. డిస్కంలే ముందుగా ఖర్చు పెట్టి ఇళ్ళమీద పలకలు బిగించే పద్ధతికి కేంద్రం 2024 చివర్లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ కుటుంబాల ఇళ్ళపై 2 కిలోవాట్ల వరకు వారి ఖర్చు లేకుండా పెట్టిస్తామని, బీసీ కుటుంబాలకు కేంద్ర రాయితీపై అదనంగా కొంత ఇస్తామని ముందుకొచ్చింది. అమలు ఎలా సాగుతుందన్నది వేరే సంగతి. నా వాదనకు ఇందులో కావలసింది ఒక్కటే. ముందు యజమానే పెట్టాలన్న నియమం మార్చలేనిదేమీ కాదు. తలచుకుంటే మార్చవచ్చు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. సొంత ఇల్లు సొంత ఆస్తి, దాని మరమ్మతు ఖర్చు ఊరందరూ కట్టే పన్నుల్లోంచి ఎందుకివ్వాలి? న్యాయమైన ప్రశ్నే. కానీ ప్రభుత్వం ఇప్పటికే ఇస్తోంది, అందరికీ కాదు, అంతే. ఆదాయపు పన్ను పాత విధానంలో, తాము ఉంటున్న ఇంటి మరమ్మతుకు అప్పు తీసుకున్నవారు ఏటా 30 వేల రూపాయల వరకు వడ్డీని ఆదాయంలోంచి తగ్గించి చూపుకోవచ్చు. ఇల్లు అద్దెకిచ్చినవారికైతే ఇంకా సుఖం. మున్సిపల్ పన్ను పోగా మిగిలిన వార్షిక అద్దెలో 30 శాతం మినహాయింపు దానంతటదే వస్తుంది. ఆ ఏడు గోడకు సున్నం వేశారా లేదా అని అడిగేవారు లేరు, రసీదు చూపనక్కర్లేదు. ఇల్లు చెడకుండా చూసుకోవడం ప్రోత్సహించదగ్గ పని అని చట్టం ఒప్పుకున్నట్టే కదా. ఒప్పుకున్నది పన్ను కట్టే స్థాయి ఉన్నవారి విషయంలో. పన్ను కట్టేంత ఆదాయం లేనివాడు కూడా సిమెంటు బస్తా కొన్నప్పుడు పన్ను కడుతూనే ఉన్నాడు. 2025 సెప్టెంబరు వరకు సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం, ఇప్పుడు 18 శాతం. తన ఇల్లు తాను బాగుచేసుకునే కూలివాడు ఖజానాకు ఇస్తున్నాడు, ఖజానా నుంచి తీసుకోవడం లేదు.

ఇది జరిగే పనేనా అంటే, పొరుగున జరుగుతోంది. తమిళనాడు 2024-25లో గ్రామీణ ఇళ్ళ మరమ్మతుకు ఒక ప్రత్యేక పథకం ప్రకటించింది. 2000-01కి ముందు ప్రభుత్వ పథకాల కింద కట్టిన రెండున్నర లక్షల ఇళ్ళను సుమారు 2,000 కోట్లతో బాగుచేయడం దాని ఉద్దేశం. సగటున ఇంటికి 80 వేలు. అదే రాష్ట్రం కొత్త ఇంటికి, కలైజ్ఞర్ పేరున్న పథకంలో, ఇస్తున్నది మూడున్నర లక్షలు. ఒక కొత్త ఇంటి డబ్బుతో నాలుగు పాత ఇళ్ళు నిలబడుతున్నాయన్నమాట. తెలంగాణ ఇచ్చే 5 లక్షల లెక్కన చూస్తే ఆరు. కేరళ వారు తమ ఇళ్ళ పథకం లైఫ్ మిషన్ మొదలుపెట్టినప్పుడు మొదటి దశగా పెట్టుకున్న పని, పాత పథకాల్లో మొదలై సగంలో ఆగిన ఇళ్ళను పూర్తిచేయడం. కొత్త శంకుస్థాపనలు తర్వాత. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025లో, సగంలో ఆగిన ఇళ్ళకు ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష రూపాయలు అదనంగా ఇస్తామన్నారు. అదీ ఈ దారిలో వేసిన అడుగే. ఇంకాస్త వెనక్కి వెళ్తే శ్రీలంక కనిపిస్తుంది. 1978 తర్వాత అక్కడ ప్రభుత్వమే లక్ష ఇళ్ళు కట్టించే పని పెట్టుకుంది. ఖర్చు పెరిగిపోయి, 1984లో దారి మార్చింది. పది లక్షల ఇళ్ళ కార్యక్రమం పేరుతో, కుటుంబానికి ఏం కావాలో దాన్నిబట్టి చిన్న చిన్న రుణాలిచ్చింది. కొందరికి పైకప్పుకు, కొందరికి అదనపు గదికి, కొందరికి మొత్తం ఇంటికి. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న దేశం ఎక్కువమందిని ఎలా చేరాలో అక్కడ వెతుక్కుంది.

రెండో అభ్యంతరం అధికారుల వైపు నుంచి వస్తుంది, అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. కొత్త ఇల్లు కళ్ళకు కనిపిస్తుంది. బేస్‌మెంటు, లింటెల్, స్లాబు అని దశలున్నాయి, ఫొటో తీస్తే ఏ దశలో ఉందో హైదరాబాదులోనో అమరావతిలోనో కూర్చొని చెప్పవచ్చు. మరమ్మతు అలా కాదు. ఓ బస్తా సిమెంటు పూసి బిల్లు ఎత్తుకోవచ్చు, ఒకే పగులును మూడేళ్ళు చూపించవచ్చు. నిజమే. అందుకే అన్ని రకాల పనులకూ డబ్బివ్వకూడదు. పైకప్పు, గోడల చెమ్మ, కరెంటు వైరింగూ ఎర్తింగూ, మరుగుదొడ్డీ స్నానాల గదీ, ఇంకా చాలని చోట ఒక గది, ఇంతటితో ఆపాలి. రంగులు, టైల్స్, గేట్లు ఇందులోకి రావు. పని మొదలుకాక ముందు తీసిన ఫొటోకూ తర్వాత తీసిన ఫొటోకూ ఒకే స్థలం గుర్తులు ఉండేలా చూడడం ఇవాళ కష్టం కాదు, మరుగుదొడ్లకు చేసిందదే. ఆపైన జనం ముందు లెక్క చదవడం అనే పద్ధతి మనకు కొత్త కాదు. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని రాష్ట్రమంతటా 2006 నుంచి నడిపి దేశానికి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ఎవరింటి స్లాబు నిజంగా బాగుపడిందో ఊళ్ళో పక్కింటివాళ్ళకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.

అసలు చిక్కు వేరేచోట ఉంది, పనివాళ్ళ దగ్గర. తుప్పుపట్టిన స్లాబును బాగుచేయడమంటే పైన ఒక పొర సిమెంటు పూయడం కాదు. వదులైన కాంక్రీటు కొట్టేయాలి, చువ్వల తుప్పు రుద్ది తీయాలి, మళ్ళీ తుప్పు పట్టకుండా పూత వేయాలి, తర్వాత గట్టిగా పట్టే మోర్టార్ ఎక్కించాలి, నీరు నిలవకుండా పైన వాలు సరిచేయాలి. ఇది తెలిసిన మేస్త్రీలు నగరాల్లోనే తక్కువ, ఊళ్ళలో ఇంకా తక్కువ. పనివాళ్ళను తయారుచేయకుండా డబ్బు గుమ్మరిస్తే ఏమవుతుందో ఇంగ్లండు చూసింది. ఇళ్ళు వెచ్చగా ఉండేలా మెరుగుపరచుకోవడానికి 2020 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం 150 కోట్ల పౌండ్లతో ఒక సాయం మొదలుపెట్టింది. 6 లక్షల ఇళ్ళు లక్ష్యం. ధ్రువపత్రాలున్న పనివాళ్ళు చాలక, కాగితాల పని చిక్కుపడి, ఆరు నెలలకే 2021 మార్చిలో తలుపులు మూసేసింది. చివరికి బాగుపడేవి 47,500 ఇళ్ళు మాత్రమేనని అక్కడి ఆడిట్ కార్యాలయం లెక్కేసింది. డబ్బు లేక కాదు, ఏర్పాటు లేక. మనకు హైదరాబాదులో 1998 నుంచి నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. తాపీ పని, సెంట్రింగ్, వైరింగ్ నేర్పుతోంది. మరమ్మతు పనిని కూడా విడిగా నేర్పి, మండలానికి కొందరిని తయారుచేసుకున్నాకే సాయం మొదలుపెట్టడం మేలు. ఏడాది ఆలస్యమైనా ఫరవాలేదు.

పాడైన ఇంటి మీద డబ్బు పోయడం వృథా, కూల్చి కొత్తది కట్టడమే నయం అనేవారూ ఉన్నారు. కొన్ని ఇళ్ళ విషయంలో అది నిజం. పునాది కుంగిన ఇంటికి పైన ఏం చేసినా నిలవదు. అందుకే మొదటి ఖర్చు ఇంజనీరు తనిఖీ మీద పెట్టాలి. నిలబడేవాటికి మరమ్మతు, నిలబడనివాటికి కొత్త ఇళ్ళ జాబితాలో చోటు. ఇదివరకు ఒకసారి లబ్ధి పొందారన్న షరతును అలాంటి చోట సడలించాలి కూడా. కానీ అన్నిటికీ కూల్చడమే మందు అనడం మాత్రం ఒప్పుకోలేను. ఊరి మధ్య ఇంటిలో ఉన్నవారికి బడి, పని, అంగడి, తాగునీటి కుళాయి నడిచి వెళ్ళే దూరంలో ఉంటాయి. ఊరికి దూరంగా వేసిన కాలనీల్లో కట్టి కూడా ఎవరూ చేరని ఇళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ మనం చూస్తున్నవే. మరమ్మతు సాయం మనుషులను ఉన్నచోట ఉండనిస్తుంది.

కాగితాల చిక్కు ఇంకొకటి. ఊళ్ళలో చాలా పాత ఇళ్ళు గ్రామకంఠంలో ఉంటాయి. రిజిస్టరు దస్తావేజు ఉండదు. తాత పేరున ఉన్న ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు ఉంటారు, పంపకం నోటిమాట మీద జరిగి ఉంటుంది. దస్తావేజు చూపిస్తేనే సాయం అంటే వీళ్ళంతా బయటే ఉండిపోతారు. డ్రోన్లతో కొలిచి గ్రామాల్లో ఆస్తి కార్డులివ్వడానికి 2020లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ ఇందుకు కొంత పనికొస్తుంది. అది అందేదాకా ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, పంచాయతీ తీర్మానం ఈ మూడూ సరిపోవాలి. మనం ఇచ్చేది యాజమాన్య హక్కు కాదు, కారకుండా ఉండే కప్పు. ఆ మాత్రానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

డబ్బు ఎలా ఇవ్వాలన్నదే నా వాదనకు ఆయువుపట్టు కనుక దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. తనిఖీ పూర్తయి అంచనా తయారైన రోజునే సగం డబ్బు ఖాతాలో పడాలి. పని మొదలుపెట్టడానికి అడ్డొచ్చేది ఆ మొదటి 20, 30 వేలే. అక్కడే నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు మొదలవుతుంది. మిగతా సగం పని పూర్తయ్యాక ఇవ్వవచ్చు. ముందే ఇస్తే తినేస్తారన్న భయానికి జవాబు మన డ్వాక్రా సంఘాల దగ్గర ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ మహిళా సంఘాలు బ్యాంకుల నుంచి, 2011లో ఏర్పడిన స్త్రీనిధి నుంచి పెద్ద మొత్తాలు తీసుకొని తిరిగి కడుతున్నాయి. ఇంటి ఆడవారి పేరున, సంఘం సాక్షిగా ముందస్తు సొమ్ము ఇస్తే అది దారి తప్పే అవకాశం తక్కువ. కొంత తప్పుతుంది కూడా. నూటికి అయిదారు ఇళ్ళ దగ్గర డబ్బు వృథా అయినా, మిగతావారు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకుండా ఉంటే ఆ బేరం నష్టమనుకోను.

ఈ పద్ధతికి అందనివారు ఉన్నారు, వారి సంగతి దాచకూడదు. అద్దెకుండేవారు. ఇంటి యజమానికి సాయమిస్తే ఇల్లు బాగుపడ్డాక అద్దె పెంచి అద్దెవాణ్ణే బయటికి పంపవచ్చు. అందుకే మొదట్లో యజమాని తానే ఉంటున్న ఇళ్ళకే దీన్ని పరిమితం చేయాలి. పట్టణాల్లో రేకుల గదులు వరుసగా కట్టి అద్దెకిచ్చే చోట్ల ఎండాకాలంలో లోపల ఉండలేరు. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. ఎండను వెనక్కి కొట్టే తెల్లపూత వంటివి ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే నివాస భవనాలకు తప్పనిసరి చేసింది. అంతకన్నా చిన్న ఇళ్ళకు అది ఐచ్ఛికం. వేడి ఎక్కువ తగిలేది ఆ చిన్న ఇళ్ళకే. అద్దె గదుల పైకప్పుకు పూత వేయించి, దానికి బదులుగా కొన్నేళ్ళ పాటు అద్దె పెంచనని యజమాని దగ్గర రాయించుకోవడం లాంటి ఏర్పాటు ఆలోచించవచ్చు. అది అమలు చేయడం కష్టమని నాకు తెలుసు. మన దేశంలో అద్దె ఒప్పందాలు ఎక్కువగా నోటిమాటలే.

ఇప్పుడు ఉన్న సాయాల కోసం దరఖాస్తు చేయాలనుకునే శ్రోతలకు రెండు పనికొచ్చే మాటలు చెప్పి ముగిస్తాను. సోలార్ రాయితీకి గానీ, మరి దేనికి గానీ చాలామందికి ముందుగా అడ్డొచ్చేది మీటరు పేరు. పోయిన తండ్రి పేరునో, ఇల్లమ్మినవారి పేరునో మీటరు ఉండిపోతుంది. దరఖాస్తు చేసేలోపు ఆ పేరు మార్పించుకోండి. ఇంటిపన్ను అసెస్‌మెంటు కూడా అలాగే. పెచ్చులూడుతున్న స్లాబు అయితే పలకల కన్నా ముందు స్లాబు చూపించుకోండి. ఇక మీ ఊళ్ళో గ్రామసభ పెట్టి కొత్త ఇళ్ళ అర్హుల జాబితా చదివినప్పుడు, మరమ్మతు కావలసిన ఇళ్ళు ఎన్నున్నాయో, వాటిలో ప్రభుత్వం ఒకప్పుడు కట్టించినవి ఎన్నో వేరే కాగితం మీద రాయించి తీర్మానంలో చేర్పించమని కార్యదర్శిని అడగండి. ఊరూరా అలాంటి లెక్క ఉంటే తప్ప, ఎంత డబ్బు కావాలో చెప్పడం గృహనిర్మాణ శాఖకు కూడా సాధ్యం కాదు.